తోకలో కూర్చున్నవాడి చలి

ఆ ఇంట్లో తెల్లారగానే మొదటి పని, పాలు తీసుకెళ్ళి వెనకగదిలో పెట్టడం. అది మేనమామ గది. ఆయన పోయి చాలాకాలమైంది కానీ ఆయన చలి పోలేదు. యుద్ధం నుంచి వస్తూ వస్తూ ఒక ట్రంకుపెట్టె, ఒక తోలుకోటు, ఈ చలీ వెంట తెచ్చుకున్నాడు. పెట్టె తుప్పుపట్టింది, కోటుని పురుగులు తిన్నాయి, చలి మాత్రం నిక్షేపంలా ఉంది. గిన్నెలో నీళ్ళు పోసి అక్కడ పెడితే మధ్యాహ్నానికల్లా గడ్డకడతాయి. అందుకే ఆ ఇంట్లో ఫ్రిజ్ మాట ఎవరూ ఎత్తలేదు. పక్కింటివాళ్ళు వెన్న తెచ్చి పెట్టుకుంటారు, ఎదురింటాయన తన చక్కెరజబ్బు ఇంజెక్షన్లు గడ్డకట్టకుండా గడప పక్కన పెట్టుకుంటాడు, కరెంటు పోయిందంటే వీధి వీధంతా గిన్నెలు పట్టుకుని ఆ గుమ్మం ముందే ఉంటుంది. ఎవరికైనా ఫిర్యాదంటూ ఉంటే ఒకటే, ఆ గోడ పక్కన ఆరేసిన బట్టలు ఒక పట్టాన ఆరవు.

ఆ పాలు పెట్టేదీ, బట్టలు ఆరేసేదీ, ఆరలేదని మళ్ళీ తీసి ఇంకోచోట వేసేదీ ఆ ఇంటి కూతురే. యాభై దాటిన మనిషి. బస్సు డిపోలో, ప్రయాణికులు మరిచిపోయిన సామాన్లు భద్రపరిచే గదిలో ఉద్యోగం. మరిచిపోయేవాటిలో ముప్పాతిక వంతు గొడుగులే కాబట్టి డిపోలో అందరికీ ఆమె గొడుగులావిడ. నాదొక నల్లగొడుగు పోయిందండీ అంటూ వచ్చినవాళ్ళని ఏ పుల్ల విరిగింది, పిడి మీద గీతలేమైనా ఉన్నాయా అని అడగడం ఆమె పని. రోజంతా అడిగి అడిగి, ఇంటికొచ్చి తల్లికి మందులేసి, వంట చేసి, హాల్లో మడతమంచం వేసుకుని పడుకుంటుంది. ఒకప్పుడు పెళ్ళి చేసుకుంది, కుదరలేదు, తిరిగొచ్చేసింది. అలసట ఆమెకి జ్వరంలా వచ్చిపోయేది కాదు, ఇంటిపేరులా ఉండిపోయింది.

తల్లికి ఎనభై దాటాయి. మండే ఎండల్లో కూడా ఆవిడ వెనకగది గడప తొక్కదు. దానికి కారణం చలి కాదు.

ఆవిడ అన్న, అంటే ఆ మేనమామ, యుద్ధంలో బాంబర్ విమానానికి తోక గన్నర్. అంటే విమానం చిట్టచివర అద్దాల గూట్లో, వెళుతున్న దిక్కుకి వీపు పెట్టి, మరతుపాకీ పట్టుకుని కూర్చునే మనిషి. వెనకనుంచి శత్రువు వస్తుంటే ముందుగా చూసేది అతనే, మైకులో పైలట్‌కి చెప్పాల్సిందీ అతనే. అదే విమానంలో వైర్‌లెస్ చూసే కుర్రాడు అతని ప్రాణస్నేహితుడు. సెలవుల్లో ఆ స్నేహితుణ్ణి ఇంటికి తీసుకొచ్చిందీ అన్నే, చెల్లెల్ని ఇచ్చి చేద్దామని పెద్దవాళ్ళతో మాట్లాడిందీ అన్నే. ఇంకో సెలవు దొరికితే పెళ్ళి. ఈలోపల ఒకసారి బాంబులు వేసి తిరిగొస్తుండగా శత్రువిమానం వెనకనుంచి వచ్చి కాల్చింది. తోకలోంచి ఒక్క హెచ్చరిక రాలేదు. పైలట్ ఎంత పిలిచినా పలకలేదు. వైర్‌లెస్ కుర్రాడు కూర్చున్నచోటే ప్రాణం వదిలాడు. విమానం ఎలాగో నేలకి దిగాక వెళ్ళి చూస్తే, తోకలో మనిషి కళ్ళు మూసుకుని కూర్చుని ఉన్నాడు. వీడు నిద్రపోయాడు అన్నాడు పైలట్. కాదని అన్న ఎప్పుడూ అనలేదు.

తర్వాత ఆవిడ ఇల్లరికం వచ్చిన ఇంకొకరిని పెళ్ళి చేసుకుంది, ఒక కూతుర్ని కంది, భర్తని కాటికి సాగనంపింది. అన్న కూడా అదే ఇంట్లో, వెనకగదిలో రేడియోలు బాగుచేసుకుంటూ ఉండిపోయాడు. ఏళ్ళతరబడి వేళకి కంచం గుమ్మం దగ్గర పెట్టింది కానీ ఆవిడ అతనితో ఒక్క మాట మాట్లాడలేదు. పేరు పెట్టి కూడా పిలవలేదు. వెనకగది తిన్నదా, వెనకగదికి కాఫీ ఇచ్చారా, వెనకగదికి దగ్గు తగ్గిందా, ఇదీ వరస. చివరికి ఒక పొద్దున వెనకగది లేవలేదు. ఆవిడ ఏడవలేదని చుట్టాలు చాటుగా అనుకున్నారు.

ఈమధ్య డాక్టరు వచ్చి, గుండె బాగా డస్సిపోయింది, వానాకాలం దాటడం కష్టం, వెచ్చగా ఉంచండి అని చెప్పి వెళ్ళాడు. తల్లి అంతా వింది. ఆ సాయంత్రం కూతురు మందులిస్తుంటే చెయ్యి పట్టుకుంది.

"వాడు నిద్రపోయాడో లేదో నాకు కనుక్కుని చెప్పవే."

"ఇప్పుడెందుకమ్మా అది?"

"పైకెళ్ళాక ఎదురుపడతాడు కదా. పలకరించాలో వద్దో నాకు తెలియాలి."

కూతురికి నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆవిడ హాస్యానికి అనలేదు. ఇన్నేళ్ళు మోసిన కోపాన్ని అక్కడిదాకా మోసుకెళ్ళాలా, ఇక్కడే దించెయ్యాలా అన్నది ఆవిడకి నిజంగానే తేలాలి. తేల్చడానికి వానలు పట్టేదాకానే గడువు.

అలా వారానికి దొరికే ఒక్క సెలవూ దీనికి పోవడం మొదలైంది. యుద్ధం కాగితాలు దాచే ఆఫీసు రెండు బస్సులు మారితే గానీ రాదు. అక్కడ ఒక కిటికీ దగ్గర నిలబడితే ఇంకో కిటికీకి పొమ్మన్నారు, ఆ కిటికీవాడు భోజనానికి వెళ్ళాడు. చివరికి చూపించిన కాగితంలో ఇంట్లో తెలిసిన సంగతే ఉంది. తిరుగుదారిలో ఒక ఇంజను ఆగిపోయింది. వైర్‌లెస్ సందేశాలు ఆఖరిదాకా స్పష్టంగా అందాయి. వెనకనుంచి హెచ్చరిక లేదు. ఎందుకు లేదో ఆ రాసినవాడికి అక్కర్లేకపోయింది. పైలట్ కోసం వెతికితే ఆయన ఎప్పుడో పోయాడు. కొండని తవ్వి ఎలుకని పట్టడం అంటారు, ఆమెకి ఎలుక కూడా దొరకలేదు. బస్సులో కిటికీకి తల ఆనించి నిద్రపోయి, దిగాల్సిన స్టాపు దాటిపోయి, వెనక్కి నడిచొచ్చిన రోజులున్నాయి. తన గొడుగు కూడా ఒకసారి బస్సులో మరిచిపోయింది.

పాత వైమానికుల సంఘం తలుపు తట్టగా తట్టగా ఒక చిరునామా దొరికింది. అదే స్థావరం నుంచి ఎగిరిన తోక గన్నర్లలో ఇంకా బతికున్నది ఈయనొక్కడేనట. వెళ్ళింది. కోడలు తలుపు తీసింది. ముసలాయన వాలుకుర్చీలో కూర్చుని, ఎడమకాలు చిన్న స్టూలు మీద పెట్టుకున్నాడు. ఆ పాదం చుట్టూ పాలసీసా, వెన్నగిన్నె, ఎవరిదో కంటి మందు అమర్చి ఉన్నాయి. పిల్లి మాత్రం కుడికాలి పక్కన పడుకుంది.

గొడుగులావిడ కూర్చుని కథంతా చెప్పింది. ఆయన మధ్యలో రెండుసార్లు కునికాడు. మేనమామ గదిలో చలి గురించి చెప్పినప్పుడు మాత్రం కళ్ళు పూర్తిగా తెరిచాడు.

"గదిలో ఎక్కడ చలి? ఒక మూలనా, మంచం దగ్గరా?"

"గదంతా ఉంటుంది బాబాయిగారూ. గోడలక్కూడా."

"నీళ్ళు గడ్డకడతాయా?"

"మధ్యాహ్నానికల్లా."

ఆయన తన ఎడమకాలి వైపు చూసుకున్నాడు. తర్వాత ఆగి ఆగి చెప్పుకొచ్చాడు. అంత ఎత్తులో, ఆ అద్దాల గూట్లో, మనిషి కట్టెలా బిగిసిపోతాడు. అందుకని లోపల తీగలు కుట్టిన సూటు ఇస్తారు, కరెంటు పెడితే వేడెక్కుతుంది. ఈయనకి ఎడమ బూటులో తీగ తెగింది, ఆ కాలి చలి ఇప్పటికీ కాలితోనే ఉంది. తెగినంత మేరకే చలి ఇంటికొస్తుంది. గది మొత్తానికి సరిపడా తెచ్చుకున్నాడంటే, ఆ మనిషి సూటు మొత్తం ఆపేసి ఉంది.

"నిద్రపోయేది వెచ్చగా ఉన్నవాడమ్మా. మేమూ పోయాం, అబద్ధమెందుకు. ఆ చలిలో నిద్ర ఎక్కడిది? ఊపిరి మైకులోనే గడ్డకడుతుంది. మీవాడు అరిచే ఉంటాడు, అది తీగ దాకా వెళ్ళదు. కంటిరెప్పలు అంటుకుపోతాయి. చూసేవాడికి నిద్రపోయినట్టే ఉంటుంది."

మరి సూటు ఎందుకు ఆగింది, చెడిపోయిందా అని ఆమె అడిగింది. ఆయన కోడల్ని పిలిచి టీ పెట్టమన్నాడు. కోడలు వెళ్ళాక గొంతు తగ్గించాడు.

ఒక ఇంజను ఆగితే కరెంటు సగమైపోతుంది. వైర్‌లెస్ నీరసిస్తుంది. అప్పుడు వైర్‌లెస్ చూసేవాడు తోకలోవాడికి మెల్లగా చెబుతాడు, కాసేపు నీ సూటు ఆపరా, దారి కనుక్కుంటాను అని. పైలట్‌కి తెలిస్తే ఒప్పుకోడు, అది తప్పు. అందుకే ఆ మాట వాళ్ళిద్దరి మధ్యే ఉంటుంది. అడిగేది స్నేహితుడు, కాదంటే అందరూ దారి తప్పుతారు. అలా ఆపనివాడు తమలో లేడని అన్నాడు ముసలాయన.

"సందేశాలు ఆఖరిదాకా బాగా అందాయన్నావు కదా. అదంతా మీ మామయ్య ఒంట్లో వేడేనమ్మా."

"మరి ఆయన ఇది ఎవరికీ చెప్పలేదేం?"

"చెప్పాలంటే అడిగినవాడి పేరు చెప్పాలి. వాడు చచ్చిపోయాడు. పైగా మీ అమ్మకి కాబోయే మొగుడు."

తిరుగు బస్సులో ఆమె నిద్రపోలేదు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, సాక్ష్యం ఇంట్లోనే పెట్టుకుని, దానిమీద ఇన్నేళ్ళూ పాలు పెట్టుకున్నారు. అది సరే. ఇప్పుడు ఇంటికెళ్ళి ఏం చెప్పాలి? అన్న నిద్రపోలేదని చెబితే, ఎందుకు పలకలేదో చెప్పాలి. అది చెబితే, తల్లి మనసులో మచ్చలేకుండా ఉన్న ఆ కుర్రాడి మీద వేలు చూపించినట్టవుతుంది. ఆ వేలు చూపించకూడదనే కదా మేనమామ బతుకంతా దోషిలా నోరు మూసుకుని పడున్నాడు. సగం చెప్పి సగం దాచాలని చాలాసేపు ప్రయత్నించింది. కానీ అబద్ధానికి ఓపిక కావాలి. రేపు తల్లి అడిగితే మళ్ళీ అల్లాలి, ఎల్లుండి మళ్ళీ అతుకు వెయ్యాలి. ఆమె దగ్గర అంత ఓపిక మిగల్లేదు. ఇంటికెళ్ళి, చెప్పులు విడిచి, తల్లి మంచం మీద కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేసింది.

తల్లి వెనకగది గోడవైపు తిరిగింది.

"అతను అడిగే రకమే," అంది. "ఎవర్ని ఏమడుగుతున్నామో వెనకాముందూ చూసుకునేవాడు కాదు. నన్నూ అలాగే అడిగాడు." మొహంలో ఒక క్షణం సిగ్గులాంటిది కదిలింది. తర్వాత గోడని వేలితో చూపించింది. "వీడికేమొచ్చింది? గోడ అవతలే ఉన్నాడు కదే. నేను మాట్లాడకపోతే మాట్లాడకపోయాను, వాడైనా పిలవచ్చు కదా."

"పిలిస్తే నువ్వు ఆయన్ని ఏమనుకునేదానివమ్మా?"

"అబద్ధాలకోరు అనుకునేదాన్ని. చచ్చినవాడి మీద తోసేస్తున్నాడనుకునేదాన్ని." ఆవిడ కన్నీళ్ళు తుడుచుకోలేదు. "వాడికి తెలుసు నా సంగతి."

మర్నాడు మధ్యాహ్నం కూతురు డిపోకి సెలవు పెట్టి, బట్టలు ఉతుకుతూ ఉంది. లోపలికొచ్చి చూస్తే మంచం ఖాళీగా ఉంది. తల్లి గోడ పట్టుకుని వెనకగది గుమ్మం దాకా వెళ్ళిపోయింది. గుండె ఆగిపోతుందమ్మా, డాక్టరు వెచ్చగా ఉంచమన్నాడు, కనీసం ఈ శాలువా అయినా కప్పుకో అని కూతురు వెంటపడింది. ఆవిడ శాలువా తీసి కూతురి చేతిలోనే పెట్టింది.

"ఇది కప్పుకుని వెళితే వాడి దగ్గర కూర్చున్నట్టెలా అవుతుందే?"

లోపలికెళ్ళి, సీసాలూ గిన్నెలూ పక్కకి జరిపి, అన్న మంచం మీద ఒక కొసన కూర్చుంది. రెండో కొసన వాడికి చోటు వదిలింది. అన్నయ్యా, అంది. ఆ మాట ఆ ఇంట్లో కూతురెప్పుడూ వినలేదు. తర్వాత ఏం చెప్పాలో ఆవిడకి తోచలేదు కాబోలు, ఇవాళ ఎండ బాగా కాసింది అంది.

సాయంత్రానికి ప్రాణం పోతుందని కూతురు గుమ్మంలోనే కూలబడింది. పోలేదు. మర్నాడు కూడా పోలేదు. వానలు పట్టాయి, వెలిశాయి, మళ్ళీ పట్టాయి. డాక్టరు కోటు మీద కోటు వేసుకుని లోపలికెళ్ళి, నాడి చూసి, బయటికొచ్చి చేతులు రుద్దుకున్నాడు. చలిలో ఏదీ తొందరగా పాడవదు, అక్కడే ఉండనివ్వండి అన్నాడు. ఫీజు తీసుకుని వెళ్ళిపోయాడు.

గొడుగులావిడకి పని తగ్గలేదు, పెరిగింది. స్వెట్టరు వేసుకుని లోపలికెళ్ళాలి, టీ చల్లారేలోపల తాగించాలి, పొద్దున్నే తల్లి జుట్టుకి పట్టిన మంచు దులిపి దువ్వాలి. ఇంక చాలమ్మా, నావల్ల కావట్లేదు అని ఒక్కోసారి పైకే అనేస్తుంది. అయినా చేస్తూనే ఉంటుంది. లోపల తల్లి అన్నకి అన్నీ మొదటినుంచీ చెబుతోంది. అతను యుద్ధంలో ఉండగా పెంపుడు కుక్క ఎలా పోయిందో, నాన్న కళ్ళజోడు ఎవరు విరగ్గొట్టారో, ఒక సంవత్సరం తర్వాత ఒక సంవత్సరం, వరసగా. మాట్లాడకుండా గడిచిన ఏళ్ళు చాలా ఉన్నాయి. ఇప్పటికి కూతురు పుట్టేదాకానే వచ్చింది.

ఆ రోజు టీ గ్లాసు పట్టుకుని గొడుగులావిడ తలుపు కొంచెం తెరిచి నిలబడిపోయింది. తను పుట్టినప్పుడు ఎలా ఉండేదో తల్లి చెబుతోంది. వేళ్ళు ఎంత పొడుగ్గా ఉండేవో, ఎంత గట్టిగా ఏడ్చేదో, నీకూ వినపడే ఉంటుంది కదా అన్నయ్యా, అని. ఆ సంగతి కూతురికి ఎప్పుడూ ఎవరూ చెప్పలేదు. తలుపుకి తల ఆనించి వింటూ ఉంది.

తల్లి మాట ఆపి ఇటు తిరిగి చూసింది.

"లోపలికొస్తే రా, లేకపోతే తలుపు వెయ్యవే. చలంతా బయటికి పోతోంది."