ఎలా వచ్చిందో చెప్పు

సెలూనాయన పెళ్ళాం కోసం చాలానే చేశాడు గానీ, అన్నిటిలోకీ కష్టమైన పని లెక్క తప్పు చెయ్యడం.

నవ్వకండి. వచ్చిన లెక్కను తప్పుగా చెయ్యడం ఎంత కష్టమో చేసి చూస్తే తెలుస్తుంది. రోజూ సాయంత్రం కొట్టు కట్టేసి ఇంటికొచ్చి, మెడ మీద అంటిన వెంట్రుకలు దులుపుకుని, మొహం కడుక్కుని, వంటింట్లో పొట్టి పీట మీద కూర్చునేవాడు. యాభైకి దగ్గరపడుతున్న మనిషి. మోకాళ్ళు వచ్చి గడ్డానికి తగిలేవి. ఎదురుగా గోడకి ఆనించిన నల్లబల్ల, దాని పక్కన చేతిలో సుద్దముక్కతో భార్య. అతను రెండో తరగతి పిల్లవాడు, ఆవిడ టీచరు. పొయ్యి మీద పాలు పొంగినా సరే, పాఠం అయ్యేదాకా లేవడానికి వీల్లేదు.

ఆవిడని వీధిలో అందరూ ఆయమ్మ అంటారు. దగ్గర్లోని చిన్నబడిలో ఆయాగా చేరి, ఏళ్ళ తరబడి పిల్లల ముక్కులు తుడిచింది, బూట్ల తాళ్ళు కట్టింది, తడిసిన లాగూలు మార్చింది. క్లాసు గుమ్మం దగ్గర నిలబడి టీచర్లు చెప్పే పాఠాలు వినీ వినీ, ఎవరు బాగా చెప్తున్నారో, ఎవరు గోడకి చెప్పుకుంటున్నారో కనిపెట్టేసేది. దూరవిద్యలో డిగ్రీ కట్టింది. రెండుసార్లు తప్పింది, మూడోసారి గట్టెక్కింది. ఇప్పుడు యూనివర్సిటీలో చిన్నబడి టీచర్ల కోర్సుకి పరీక్ష రాసింది.

"మొక్కై వంగనిది మానై వంగుతుందా?" అని పక్కింటావిడ దెప్పింది.

"పిల్లల ముక్కులు తుడవడానికి వంగీ వంగీ నా నడుం ఎప్పుడో వంగిందిలెండి," అంది ఆయమ్మ.

రాతపరీక్షలో నెగ్గింది. ఇక మిగిలింది ఒక్కటే. యూనివర్సిటీ వాళ్ళ బడిలో నిజం పిల్లల ముందు నిలబడి ఒక పాఠం చెప్పాలి. వెనక కుర్చీల్లో పెద్దలు కూర్చుని చూస్తారు. వాళ్ళకి నచ్చితే సీటు, లేకపోతే మళ్ళీ ముక్కులు తుడవడమే. ఆవిడ ఎంచుకున్న పాఠం తీసివేత. పుల్లలు పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేసి కట్టలు కట్టింది. చాలని చోట ఒక కట్ట విప్పి విడి పుల్లల్లో కలపాలి. అంతే పాఠం. వినడానికి ఇంతే, ఏడేళ్ళ బుర్రలోకి ఎక్కించడానికి మాత్రం తల ప్రాణం తోకకి వస్తుంది.

మొదట్లో సెలూనాయన తన వేషం చాలా అన్యాయంగా వేశాడు.

"నలభై రెండులోంచి పదిహేడు తీస్తే ఎంత?" అని ఆవిడ అడిగితే, "తొంభై," అనేవాడు.

ఆవిడకి ఒళ్ళు మండిపోయేది. "నోటికొచ్చింది చెప్పకండి! పిల్లలు తప్పు చెప్పినా దానికో దారుంటుంది. ఆ దారి పట్టుకుంటేనే నాకు పాఠం. మీరిలా గాల్లో రాళ్ళేస్తే నేనేం పట్టుకోను?"

అప్పట్నుంచి అతను తప్పుల వేటలో పడ్డాడు. కుర్చీ చేతుల మీద అడ్డంగా వేసిన చెక్క ఎక్కి జుట్టు కత్తిరించుకోవడానికి కూర్చున్న ప్రతి పిల్లనీ పిల్లవాణ్ణీ అదే లెక్క అడిగేవాడు. తల్లులు విసుక్కున్నారు. "జుట్టు కత్తిరించమంటే ప్రైవేటు చెప్తాడేంటి ఈయన!" అని ఒక తండ్రి కొట్టే మార్చేశాడు. అయినా మానలేదు. చివరికి ఒకనాడు ముందు పళ్ళు లేని ఓ పిల్ల, "ముప్పై ఐదు!" అంది ధీమాగా.

"ఎలా వచ్చిందమ్మా?"

"రెండులోంచి ఏడు పోదుగా. అందుకని తిప్పేసి, ఏడులోంచి రెండు తీశా. ఐదు. నాలుగులోంచి ఒకటి తీస్తే మూడు. ముప్పై ఐదు."

ఆ జవాబు మర్చిపోతానేమోనని దారంతా గొణుక్కుంటూ ఇంటికొచ్చాడు. ఆయమ్మ అది విని చేతిలో గరిటె అలాగే పట్టుకుని అతన్ని కావలించుకుంది. పెళ్ళయిన కొత్తలో గాజులు తెచ్చినప్పుడు కూడా అంత సంబరపడలేదు. "ఇదేనండీ! నాకు కావలసిన తప్పు ఇదే!"

ఇంకో చిక్కుండేది. తప్పు చెప్పేటప్పుడు అతను తల దించుకునేవాడు. అసలతనికి ఎవరి కళ్ళలోకీ చూసే అలవాటే లేదు. పొద్దస్తమానం జనాల వెనక నిలబడి, అద్దంతోనో నడినెత్తితోనో మాట్లాడే వృత్తి. ఇంట్లో పెళ్ళాంతో కూడా కిటికీకో, కంచానికో చెప్పినట్టు చెప్పేవాడు.

"పిల్లలు అలా చెప్పరండీ," అని ఆవిడ నేర్పింది. "తప్పని తెలిస్తే కదా తల దించుకోవడానికి! నా కళ్ళలోకి సూటిగా చూసి, ధైర్యంగా చెప్పాలి."

అదీ నేర్చుకున్నాడు. సూటిగా చూసి, "ముప్పై ఐదు, టీచర్!" అనేవాడు. ఆవిడ తప్పు అనేది కాదు. తప్పనగానే పిల్లలు ముడుచుకుపోతారట. అతని పక్కన నేల మీద చతికిలబడి, మీరు అనే మనిషి నువ్వులోకి దిగి, "ఎలా వచ్చిందో చెప్పు, నాన్నా," అనేది. ఆ మాట ఎంత మెత్తగా అడిగేదంటే, లోపల ఏమున్నా బయటపెట్టెయ్యాలనిపించేది. వాళ్ళకి పిల్లలు లేరు. ఆ ఇంట్లో ఎవరినైనా నాన్నా అని పిలవడం అదే మొదలు. ఆ పిలుపు కోసమే అతను ఒక్కోరోజు కొట్టు పెందరాళే కట్టేసేవాడు, కానీ పైకి చెప్పేవాడు కాదు.

కడుపునొప్పి ఎప్పుడు మొదలైందో ఆవిడా పైకి చెప్పలేదు. తిండి తగ్గింది, బట్టలు వదులయ్యాయి. "పాఠం అయ్యాక చూద్దాం లెండి," అంటూ వచ్చింది. ఒకరోజు నల్లబల్ల పట్టుకుని అలా కిందకి జారిపోతే, అతను బలవంతాన ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఏవేవో పరీక్షలు చేశారు. ఫలితం చెప్తాం రమ్మన్న రోజు ఆవిడ పుల్లలు కట్టుకుంటూ, "మీరెళ్ళి రండి, నాకు పనుంది," అంది.

డాక్టరు మంచివాడే. కూర్చోమన్నాడు, నీళ్ళిచ్చాడు. జబ్బు కడుపులోంచి కాలేయం దాకా పాకిందనీ, కోసి తీసే దశ దాటిందనీ, నొప్పి తెలియకుండా చూడగలం గానీ అంతకుమించి ఏమీ చెయ్యలేమనీ చెప్పాడు. ఎంత కాలమని అడిగితే, మహా అయితే ఆర్నెల్లు అన్నాడు.

సెలూనాయన తిన్నగా వెళ్ళి కొట్టు తెరిచాడు. ఇంకెక్కడికి వెళ్ళాలో తోచలేదు. ఆ మధ్యాహ్నం ఎవరెవరికి గడ్డం గీశాడో అతనికి తెలియదు. ఎవరికీ గాటు పడలేదు, అదొక్కటే వింత. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే లోపల మనిషి కుమిలి కుమిలి ఏడ్చాడు. పాఠానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. ఇప్పుడు చెప్తే ఆవిడ ఆ గదిలోకి అడుగుపెట్టలేదు. ఒక్కసారి, ఒక్క క్లాసులో, పిల్లలు ఆవిడని టీచర్ అని పిలవాలి. ఆ తరవాత నిజం చెప్పి కాళ్ళ మీద పడదాం అనుకున్నాడు.

ఇంటికెళ్ళేసరికి ఆవిడ పుల్లల మధ్య కూర్చుని ఉంది. "ఏమన్నారండీ డాక్టరుగారు?"

అతను ఆవిడ కళ్ళలోకి సూటిగా చూశాడు. "పుండట. చిన్నదేనట. మందులకి తగ్గిపోతుందన్నారు," అన్నాడు ధైర్యంగా.

ఆవిడ చేతిలో కట్ట జారి పుల్లలు నేల మీద చెల్లాచెదురయ్యాయి. "ఈ రబ్బరు బ్యాండ్లు పాతబడిపోయాయి," అంటూ వంగి ఏరుకోసాగింది. అతనూ వంగి ఏరాడు. మంచం కిందకి పోయిన పుల్ల కోసం ఆవిడ చాలాసేపు అక్కడే తల వంచుకుని ఉండిపోయింది. అబద్ధం చెప్పినా అతికినట్టుండాలంటారు. అతికిందనే అనుకున్నాడు అమాయకుడు.

ఆ నాలుగు రోజులూ పాఠం ఇంకా పట్టుదలగా సాగింది. చెడిపోయింది విద్యార్థే. ఒక సాయంత్రం నలభై రెండులోంచి పదిహేడు తియ్యమంటే, "ఇరవై ఐదు," అనేశాడు. ఇంకో తప్పు జవాబు మోసే ఓపిక ఆ మనిషిలో లేదు.

"అదేంటండీ, సరిగ్గా చెప్పేశారు?"

"తలనొప్పిగా ఉంది," అన్నాడు కంచం వైపు చూస్తూ. ఆవిడ ఇంకేమీ అడగలేదు. అతని నుదురు కాసేపు నొక్కి, పీట తీసి గోడవార పెట్టింది.

పాఠం రోజు అతను వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాడు. ఆవిడ జాకెట్టు వదులైపోతే లోపలి వైపు రెండు పిన్నీసులు పెట్టింది పొద్దున. పిల్లలు పొట్టి కుర్చీల్లో, పెద్దలు వెనక కుర్చీల్లో. కట్టలు బయటికి తీయగానే ఆ గది ఆవిడ సొంతమైపోయింది.

"నలభై రెండులోంచి పదిహేడు తీస్తే?"

ఒక బొద్దు పిల్లవాడు చెయ్యి ఎత్తాడు. "ముప్పై ఐదు, టీచర్!"

కిటికీ బయట సెలూనాయన ఊపిరి బిగపట్టాడు. లోపల ఆవిడ మొహం వెలిగిపోయింది. పరుగున వెళ్ళలేదు గానీ వెళ్ళినంత పని చేసి, వాడి పక్కన నేల మీద చతికిలబడింది. "ఎలా వచ్చిందో చెప్పు, నాన్నా." వాడు చెప్పాడు. ఆవిడ వాడి చేతే కట్ట విప్పించింది, వాడి చేతే లెక్కపెట్టించింది. మధ్యలో ఒకసారి కడుపు మీద చెయ్యి పెట్టుకుని, బల్ల అంచు పట్టుకుని ఆగిపోయింది. టీచర్ ఆలోచిస్తోంది కాబోలనుకుని పిల్లలు నిశ్శబ్దంగా కూర్చున్నారు. నొప్పి దాటాక నవ్వి మళ్ళీ అందుకుంది. "టీచర్, నేను! టీచర్, నేను!" అని గదంతా ఒకటే గోల. ఆ గోల వింటూ అతను గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

పాఠం అయ్యాక వెనక కూర్చున్న పెద్దావిడ గుమ్మం దాకా వచ్చింది. "ఫలితం పద్ధతి ప్రకారమే చెప్తాం. కానీ రెండేళ్ళు మాతో వేగడానికి సిద్ధంగా ఉండండమ్మా," అంది నవ్వుతూ.

ఆయమ్మ నమస్కారం పెట్టింది. బయటికొచ్చి, ఆటస్థలం అంచున పిల్లల కోసం వేసిన పొట్టి బెంచీ మీద కూర్చుంది. అతనూ పక్కన కూర్చున్నాడు. అతని మోకాళ్ళు మామూలుగానే గడ్డానికి తగిలాయి. ఆవిడ చేతుల నిండా సుద్దపొడి.

"ఆ రోజు డాక్టరుగారు ఏమన్నారండీ?"

"చెప్పాగా. పుండని..."

ఆవిడ అతని వైపు తిరిగింది. "ఎలా వచ్చిందో చెప్పు, నాన్నా."

అంతే. నాలుగు రోజులు బిగించి కట్టుకున్నదంతా తెగిపోయింది. అతను ఆ బెంచీ మీద చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడుపు మధ్యలోనే కాలేయం గురించి, కొయ్యలేమన్న మాట గురించి, అన్నీ చెప్పేశాడు. ఆవిడ మధ్యలో అడ్డురాలేదు. పిల్లలు దారి చెప్తున్నప్పుడు అడ్డురాకూడదన్నది ఆవిడ పద్ధతి.

"నాకు ఆ సాయంత్రమే తెలిసిందండీ," అంది చివరికి. "మీరు నా కళ్ళలోకి సూటిగా చూసి చెప్పారు. తప్పు జవాబు చెప్పేటప్పుడు తప్ప మీరెప్పుడు చూశారు అలా? నేనేగా నేర్పింది."

"మరెందుకు అడగలేదు?"

"అడిగితే చెప్పేస్తారని. చెప్పేస్తే ఈ పాఠం చెప్పలేనని. నాకూ కావాలనిపించింది, ఒక్కరోజైనా." ఆవిడే మళ్ళీ అడిగింది. "ఎంత కాలమన్నారు?"

"మహా అయితే ఆర్నెల్లు."

లోపల గంట కొట్టారు. పిల్లలు బిలబిలమంటూ బయటికొచ్చారు. ఆ బొద్దు పిల్లవాడు దూరం నుంచే "టీచర్!" అని అరిచి చెయ్యి ఊపాడు. ఆవిడా ఊపింది.

"కోర్సు రెండేళ్ళు," అంది ఆ చెయ్యి ఇంకా దించకుండానే. "ఆర్నెల్లలోంచి రెండేళ్ళు పోదు కదండీ."

సెలూనాయన ముంజేత్తో ముక్కు తుడుచుకున్నాడు. నిటారుగా కూర్చున్నాడు. ఆవిడ కళ్ళలోకి సూటిగా చూశాడు.

"పోకపోతే తిప్పి తీద్దాం, టీచర్. రెండేళ్ళలోంచి ఆర్నెల్లు తీస్తే, ఏడాదిన్నర మిగులుతుంది."

ఆవిడ నోరు తెరిచింది. సుద్ద చేతులతో అతని తలని దగ్గరికి లాక్కుని, ఒళ్ళో పెట్టుకుంది.

"మంచిది, నాన్నా," అంది.

ఎలా వచ్చిందో మాత్రం అడగలేదు.