రెక్కలో చప్పుడు

హంబర్ నది ఒడ్డున ఉన్న ఆ విమానాల ఫ్యాక్టరీలో, రెక్కలకు నారబట్ట కుట్టే షెడ్డంతా ఆడవాళ్లదే. పెళ్లయిందని తెలిస్తే మాత్రం ఆ వారంతో పని సరి. అందుకే హెటీ గుట్టుగా పెళ్లాడింది. ఉంగరాన్ని దారానికి గుచ్చి మెడలో వేసుకుని జాకెట్టులోకి తోసేసేది. మొగుడు వాల్టర్ వెళ్లే చేపల పడవ ఒడ్డుకు కట్టేసి నెలలైంది. ఇంట్లో పొయ్యి రాజేది ఆమె కూలితోనే. రెండు వారాల కిందట దారం తెగి ఉంగరం పోయింది. వీధిలో ఎక్కడో పడిందనుకుని ఏడ్చి ఊరుకుంది.

ఆ రోజు యుద్ధ ఓడ మీంచి ఎగిరే కొత్త టార్పెడో విమానం తనిఖీకి వచ్చింది. ఓడలో చోటు ఇరుకు కాబట్టి దాని రెక్కలు వెనక్కి మడిచి పెడతారు. పనివాళ్లు ఎడమ రెక్క మడుస్తుంటే లోపల ఏదో జారి టిక్కుమంది. విప్పితే మళ్లీ టిక్కుమంది. మూడోసారికి చప్పుడు లేదు. తనిఖీ ఆయన చెవి ఆనించి విని, ఏ మేకు ముక్కో బయటికి రాలిపోయి ఉంటుందిలెమ్మన్నాడు. ఓడవాళ్లు తొందరపెడుతున్నారట.

హెటీ చెయ్యి ఉంగరం లేని మెడ దగ్గరికి పోయింది. రాలలేదు, ఎక్కడో ఇరుక్కుంది. రెండు వారాల కిందట ఆ రెక్కకి చివరి కుట్టు వేసింది తనే. విమానాన్ని పక్కకి ఒరిగించే తీగ అందులోంచే పోతుంది. నోరు మూసుకుంటే తన పని పోకుండా ఉంటుంది. సముద్రం మీద ఉంగరం అడ్డుపడి ఆ తీగ పట్టేస్తే?

"అది మేకు కాదండీ. నా పెళ్లి ఉంగరం" అంది.

షెడ్డు పెద్ద మిస్ టౌస్ కత్తి తెచ్చి ఆమె చేతికే ఇచ్చింది. హెటీ బట్ట కోసి మోచేతిదాకా చెయ్యి పెట్టింది. ఉంగరం తీగ పక్కనే, కప్పీ అంచున దొరికింది.

పక్క బల్ల ఐవీ ఆగలేకపోయింది. "ఓసి దొంగా! ఆ తనిఖీ ఆయన్ని నీకు కట్టబెడదామని ఏడాదిగా ఆయనకి టీలు పోశానే తల్లీ!"

తనిఖీ ఆయన ఎర్రబడి పెన్సిలు వెతుక్కోసాగాడు. అందరూ నవ్వారు, మిస్ టౌస్ తప్ప.

"రెక్క ఎందుకు కోశామో ఆఫీసుకు చెప్పాలి" అందామె. "అబద్ధం నాకు చేతకాదు."

"చెప్పండి. దీంట్లో ఎగిరే ఆ ఇద్దరు కుర్రాళ్లు నీళ్లలో పడటం కన్నా నయం" అంది హెటీ.

మిస్ టౌస్ కత్తి వెనక్కి తీసుకుంది. "కోత నీది, కుట్టూ నీదే. వేరేవాళ్లని ముట్టనివ్వను. పూసిన రంగు ఆరి, బట్ట బిగిసి, నేను సరే అనేదాకా నువ్వు నా మనిషివి, నిన్నెవరూ తీసెయ్యలేరు. ఈ తేమకి ఎన్నాళ్లు పడుతుందో ఆఫీసువాళ్లకేం తెలుసు?"

హెటీ ఉంగరం వేలికి పెట్టుకుని, సూదికి మైనపు దారం ఎక్కించుకుంది. మొదటి కుట్టుకే దారం ఉంగరానికి తట్టుకుంది. విడదీసుకుని, మెల్లగా కుట్టసాగింది.