నవ్వులు రాసే ఉద్యోగం

నల్లచొక్కా కాలరు మీద నీళ్లు చిలకరించి ఇస్త్రీపెట్టె ఆనించింది ఆమె. చుయ్యిమని ఆవిరి లేచింది. ప్రతి శనివారం ఉండే పనే ఇది. వారమంతా బీమా ఆఫీసులో గుమాస్తాగా కూర్చునే ఆమె భర్త, శనివారం సాయంత్రం ఈ చొక్కా తొడుక్కుని, ఒక కాఫీ హోటలు మేడమీది హాల్లో మైకు పట్టుకుని జనాన్ని నవ్విస్తాడు. స్టాండప్ కామెడీ. అన్నీ ఇంటి సంగతులే చెబుతాడు కాబట్టి అక్కడ అతన్ని ‘ఇంటాయన’ అంటారు.

“ఈసారి నేనూ రానా?” అంది చొక్కా తిరగేస్తూ.

“నువ్వా? నీకు జోకు అర్థమయ్యేసరికి హాల్లో కుర్చీలు మడిచేస్తుంటారు.”

వక్కలు కత్తిరించుకుంటున్న అత్తయ్య కిసుక్కున నవ్వింది. “పోనీలేవే. నా మోకాళ్లకి ఆ మెట్లెక్కడం చేతకాదు, నీకు ఇంట్లో పని తెమలదు. అయినా ఎదురుగా పెళ్లాన్ని కూర్చోబెట్టుకుని పెళ్లాం గురించి ఏం చెప్తాడు పాపం!”

ఆమె కూడా నవ్వింది. ఆ ఇంట్లో నవ్వకపోతే ‘ముఖం ఎందుకలా పెట్టావు’ అంటూ ఇంకో జోకు పుడుతుంది. దాన్ని కూడా భరించాలి. ముందే నవ్వేస్తే ఒక్కదానితో పోతుందని పెళ్లయిన కొత్తలోనే నేర్చుకుంది.

నిజానికి నవ్వు సంగతి ఆ ఇంట్లో ఆమెకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఆమె ఉద్యోగమే అది. చెవులు వినపడనివాళ్ల కోసం సినిమాల అడుగున అక్షరాలు రాసే ఒక చిన్న ఆఫీసు. మాటలొక్కటే రాస్తే చాలదు. తలుపు కిర్రుమన్నా, గ్లాసు పగిలినా, జనం నవ్వినా రాయాలి. ‘నవ్వులు’ వేరు, ‘పెద్ద నవ్వులు’ వేరు. అందరూ ఒక్కసారిగా ఆగిపోతే ‘నిశ్శబ్దం’ అని రాయాలి. విన్నది తీసెయ్యకూడదు, విననిది చేర్చకూడదు. ఏడేళ్లుగా చేస్తోంది. మీ ఆవిడ ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే “ఏదో టైపు కొడుతుంది” అంటాడు భర్త. ఏం కొడుతుందని అతను ఎన్నడూ అడగలేదు.

ఒకే సీనును ముందుకీ వెనక్కీ పదిసార్లు తిప్పి చూసే పని కావడంతో, నవ్వొచ్చే సినిమాల మీద ఆమెకు మెల్లగా అనుమానం పట్టుకుంది. రంగుడబ్బాతో సహా నిచ్చెన మీంచి పడ్డవాణ్ని చూసి జనం విరగబడి నవ్వుతారు. పడినందుకు కాదు ఆ నవ్వు, వాడు దులుపుకుని లేస్తాడని ముందే తెలిసినందుకు. లేవకపోతే ఆ సీను ఎవరికీ నవ్వు రాదు. మరి లేస్తాడన్న భరోసా ఎవరిచ్చారు? పడ్డవాణ్ని అడిగారా? ప్రేమ కామెడీలు సరే సరి. అమ్మాయి వెనకాల తిరిగే అబ్బాయిని, వెనక వచ్చే సంగీతం ఆపేసి చూస్తే, దీపం లేని వీధిలో ఎవరిని చూసి మనం గబగబా అడుగులేస్తామో అచ్చం వాడిలాగే ఉంటాడు. సంగీతం రాగానే మళ్లీ ముద్దొస్తాడు. ఇన్నాళ్లూ తనను నవ్వించింది కథా, వెనకాల వాయించినవాళ్లా అని ఆమెకు తేలేది కాదు.

ఒక్కదాన్ని మాత్రం ఆమె అనుమానించలేదు. చివరి పరుగు. అలిగి వెళ్లిపోయిన పిల్ల కోసం అతను బళ్ల మధ్య పడి, ఒక చెప్పు జారిపోయినా చూసుకోకుండా పరుగెత్తుకొస్తాడే, అది. ‘అడుగుల చప్పుడు’, ‘ఆయాసం’ అని రాస్తుంటే ప్రతిసారీ ఆమె కళ్లు చెమర్చేవి. “అక్కా, ఈ నెలలో ఇది తొమ్మిదో పరుగు. ఇంకా ఏడుస్తావేంటక్కా!” అనేది పక్క సీటు పిల్ల.

ఎందుకంటే ఆమె కోసం కూడా ఒకరు అలా తిరిగారు. పదకొండేళ్ల కిందటి మాట. ఇంటి నిండా చుట్టాలున్నప్పుడు, ఆమె ఫోనులో పుట్టింటివాళ్లతో మాట్లాడే తీరు, ఆ సాగదీత, మధ్యమధ్యలో ముక్కు ఎగబీల్చడం అన్నీ భర్త చేసి చూపించాడు. అందరూ పడీపడీ నవ్వారు. ఆ పూట ఆమె ఫోనులో ఏడ్చిందని ఒక్కరికీ తట్టలేదు. వంటింటి వెనక తలుపు తీసుకుని బస్టాండుకు పోయి నాలుగు గంటలు కూర్చుంది. నాన్నకు ఫోను చేస్తే “సర్దుకుపోవాలమ్మా” అన్నాడు. పొద్దువాలాక తిరిగొచ్చింది. ఆమె ఇంట్లోకి వచ్చేసరికి వీధి గుమ్మంలో భర్త నిలబడి ఉన్నాడు. “నిన్ను వెతకని సందు లేదే! కాళ్లు పడిపోయాయి” అన్నాడు.

ఆ ఒక్క మాట మీద పదకొండేళ్లు కాపురం చేసింది. అతను నలుగురిలో ఏదైనా అన్నప్పుడల్లా ఆ మాటను తీసి పక్కన పెట్టుకునేది. నవ్విస్తే నవ్వించాడు, వెతికాడుగా. అత్తయ్య కూడా మరిచిపోనిచ్చేది కాదు. “నీకోసం నా కొడుకు ఆ ఎండలో ఊరంతా తిరిగాడు, గుర్తుంచుకో” అనేది.

సోమవారం ఆఫీసులో, పని పంచే పెద్దక్క, “కామెడీ కచేరీ వీడియో వచ్చింది. ఐదుగురు. మూడోవాడు నీకు” అంది.

హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకున్నాక, రెండో మాటకే ఆమె వేళ్లు ఆగిపోయాయి. అది భర్త గొంతు. తర్వాత మళ్లీ కదిలాయి. ఎవరిదైనా రాయాల్సిందే కదా. “మా ఆవిడ ఇల్లు ఊడుస్తుంటే నేను కాళ్లు పైకెత్తుతాను. ఇంటిపనిలో నా వంతు సాయం అది.” పెద్ద నవ్వులు. బాగుంది, ఆమెకు కూడా నవ్వొచ్చింది. తర్వాత అతను గొంతు తగ్గించాడు.

“ఒకసారి మా ఆవిడ అలిగి వెళ్లిపోయింది. వెతుక్కుంటూ వెళ్లా. బస్టాండులో కూర్చుంది. సినిమాలో అయితే పరుగెత్తాలి కదా? నేను ఎదురుగా టీ కొట్లో కూర్చుని టీ చెప్పా.” నవ్వులు. “నాలుగు బస్సులు పోయాయి, ఎక్కదే! చెప్పు తెగితే పైట పిన్నీసు తీసి గుచ్చుకుంటోంది. నాకింకో టీ.”

హాలు ఆగిపోయింది. దగ్గు కూడా లేదు. రెండు సెకన్లు.

“సాయంత్రం వచ్చి నాకే వండిపెట్టింది. చెప్పండి, దీన్ని మించిన కామెడీ ఉందా!” పెద్ద నవ్వులు, చప్పట్లు.

కల్పించాడనుకుంది మొదట. వేదికెక్కినవాళ్లు నూటికి తొంభై కల్పిస్తారని ఆమెకు తెలియనిది కాదు. వెనక్కి తిప్పి మళ్లీ వింది. పిన్నీసు. చెప్పు తెగిన సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అత్తయ్య చూస్తే ఏమంటుందోనని ఇంటి సందు మలుపులోనే పిన్నీసు పీకి పైటకు పెట్టేసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని పెరటి దారిన వచ్చి, వాటిని అక్కడే దాచేసింది. ఆ పిన్నీసును చూడగలిగింది బస్టాండులో ఉన్నవాళ్లే. మూడోసారి వింది. ఇక తిప్పలేదు. ఆ రెండు సెకన్ల దగ్గర ‘నిశ్శబ్దం’ అని రాసింది.

రాసింది చూసి వేదిక మీదివాళ్లు సంతకం పెడితేనే బయటికి వదలాలన్నది ఆఫీసు పద్ధతి. “మూడోవాడిది నేనే పెట్టించుకొస్తానక్కా” అని కాగితాలు సంచీలో పెట్టుకుంది.

మర్నాడు పొద్దున, పలహారాలయ్యాక, అతని ముందు పెట్టింది.

“ఇది నువ్వు రాశావా?” కళ్లజోడు సవరించుకుని చూశాడు. “ఓహో! ఇదా నువ్వు కొట్టే టైపు! అమ్మా, విను, నా షో అంతా రాసిపెట్టారు. ఎక్కడ నవ్వారో కూడా వేశారు!” ఉషారుగా లేచి, ఎదురుగా హాలు ఉన్నట్టే చేతులు తిప్పుతూ చదవడం మొదలుపెట్టాడు. కాళ్లు పైకెత్తే జోకుకు అత్తయ్య కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. ఆ ఊపులోనే అతను బస్టాండు దాకా వచ్చాడు. టీ కొట్టు. నాలుగు బస్సులు. పిన్నీసు.

“నిశ్శబ్దం” అని పైకే చదివి, “ఇదొకటి రాయాలా?” అన్నాడు.

అత్తయ్య నవ్వడం లేదు.

“టీ కొట్లోనా? నువ్వు రైలుస్టేషన్ వైపు వెళ్తానన్నావు కదరా?”

“అబ్బ, కామెడీ అమ్మా! కల్పించి చెప్తాం.”

“చెప్పు తెగడం ఎవరికీ తెలియదండీ. మీకెలా తెలిసింది?” అంది ఆమె.

అతను కాగితాలు బల్ల మీద పెట్టేశాడు.

“నన్ను ఆసుపత్రి వైపు పంపావు.” అత్తయ్య గొంతు నెమ్మదిగా ఉంది. “రెండు ఆసుపత్రులూ తిరిగాను. చివరికి శవాల గది కిటికీ దగ్గర నిలబడి, ఆకుపచ్చ చీర కట్టుకున్న పిల్లని ఎవరైనా తెచ్చారా బాబూ అని అడిగాను. లోపలికెళ్లి చూసి రమ్మన్నారు. వెళ్లాను. ఒక్కొక్క దుప్పటీ ఎత్తి చూశానురా.”

ఆమె అత్తయ్య వైపు చూసింది. నా కొడుకు తిరిగాడు, నా కొడుకు తిరిగాడు అని వెయ్యిసార్లు చెప్పిన మనిషి, నేను తిరిగాను అని పదకొండేళ్లలో ఒక్కసారి అనలేదు. తన కోసం చెప్పులు అరిగేలా తిరిగినవాళ్లు నిజంగానే ఒకరున్నారు. రోజూ ఎదురుగానే కూర్చుని వక్కలు కత్తిరించుకుంటున్నారు.

“ఎప్పటి మాటో అది! ఇంతకీ దొరికిందిగా!” అతను ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. “ఏమే, నువ్వైనా నవ్వవేం?”

ఆమె నవ్వలేదు. ముఖం ఎలా ఉందో అలాగే ఉండనిచ్చింది. అది ఇంత తేలికని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు.

అత్తయ్య కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. పైట భుజం చుట్టూ కప్పుకుంది. గుమ్మంలో చెప్పులు వేసుకుని, కొడుకు “అమ్మా, ఎక్కడికి? అమ్మా!” అంటున్నా తిరగకుండా వీధిలోకి దిగిపోయింది.

“చూస్తావేం? వెళ్లి పిలుచుకురా!” అన్నాడు అతను.

ఆమె కాగితాలు సంచీలో పెట్టుకుంది. అలమర తెరిచి రెండు చీరలు తనవి, రెండు అత్తయ్యవి తీసుకుంది. కిటికీలో ఉన్న అత్తయ్య మందుల డబ్బా కూడా సంచీలో సర్దుకుని, గుమ్మం దిగింది.