సొరుగులో వాపు

తాళాలాయన కొట్టు పెట్టి ఆరు నెలలైంది. అద్దె గడువు తీరింది. ఇక ఏడాదికి కాగితం రాసుకోవడమా, పాత ఫ్యాక్టరీ మేస్త్రీ కాళ్లు పట్టుకుని మళ్లీ పనిలో చేరడమా? మేస్త్రీ సాయంత్రం దాకానే ఆగుతానన్నాడు.

అందుకే గుమాస్తా పని చేసే బామ్మర్దిని పిలిచి, లెక్కల పుస్తకం ముందు పడేశాడు.

ఎడమపక్క ఖర్చు: అద్దె, కరెంటు, ఇత్తడి తాళంచెవులు, ఆకురాళ్లు. కుడిపక్క రోజుకో అంకె, అంతే.

"నెలకి నాలుగు వేలు మిగిలింది. పర్లేదు బావా! కానీ ఎన్ని చెవులు కోశావో ఒక్కచోటా రాయలేదే?"

"ప్రతిదీ రాస్తూ కూచుంటే కోసేదెప్పుడు? కొట్టు మూసేముందు సొరుగు తీస్తా. పొద్దున వదిలిన చిల్లర పక్కన పెట్టి, మిగిలింది రాస్తా. ఐదుతో బడి మానేసినోణ్ణి, నీలా ఫైళ్లు మోయలేదు."

"మోసి నేనేం మేడలు కట్టాన్లే."

వెనకగదిలో కుట్టుమిషను ఆగింది. ఆయన భార్య వచ్చి, నాలుగు నోట్లు సొరుగులో వేసి, తాళం తిప్పింది.

"ఏంటక్కా అవి?"

"కుట్టుకూలిరా. ఊరందరికీ తాళాలు చేసే మహానుభావుడి ఇంట్లో తాళం పడేది దీనికొక్కదానికే."

"రోజూ ఇందులోనే వేస్తావా?"

"మొదట్నుంచీ. ఆయన రోజూ రాస్తున్నారుగా, నాది నా పేరన వేరే రాస్తున్నారనుకున్నా."

ఆ కూలి ఏ డబ్బాలోనో దాచుకుంటోందని ఇన్నాళ్లూ ఆయన అనుకున్నాడు. ఎన్నడూ అడగలేదు.

"నెలకెంతక్కా?"

"ఐదు వేలకి తగ్గదు."

బామ్మర్ది నాలుగులోంచి ఐదు తీశాడు. పెన్ను మూత పెట్టాడు.

"వాపు చూసి బలుపనుకున్నాం బావా."

ఆవిడ ఇద్దరి మొహాలూ చూసింది. "నేనేమైనా తప్పు చేశానా?"

తాళాలాయనకి కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. పన్ను పీకించుకునేముందు మొద్దుబారిన దవడలా ఉంది లోపలంతా. బల్లమీది ఇత్తడి పొడిని అరచేత్తో ఒకచోటికి నెట్టాడు. మళ్లీ చెదరగొట్టాడు.

"నా ఫ్యాక్టరీ చొక్కా ఉందా?"

"ఉంది. రెండు గుండీలు ఊడాయి."

"కుట్టు."

ఆవిడ అక్కడే కూచుని కుట్టి, దారం పంటితో తెంపింది.

"కూలెంత?" అన్నాడు.

"మన చొక్కాకి కూలేంటండీ, ఎగతాళా?"

ఎగతాళి కాదు. పుస్తకం లాక్కుని, ఎడమపక్క 'గుండీలు రెండు, కుట్టుకూలి' అని రాశాడు. ఎదురుగా అంకె వెయ్యడానికి ఆవిడ కూలి ఎంతో ఆయనకి తెలీదు. అలాగే వదిలేసి, చొక్కా తొడుక్కుని, మేస్త్రీ ఇంటిదారి పట్టాడు.