మెనెంగాయ్ గుహలో సాక్ష్యం

కిరాగు కెమెరా కొన్నాడంటే న్యాకియోకి నమ్మబుద్ధి కాలేదు. నకూరు బజారులో పైపులూ కుళాయిలూ అమ్మే ఆ మనిషి పాత చెప్పుల్ని మూడుసార్లు కుట్టించుకుంటే గానీ కొత్తవి కొనడు. అలాంటివాడు బుధవారం సాయంత్రం నల్లటి పెట్టె ఒకటి బల్లమీద పెట్టి, రేపు మెనెంగాయ్ కొండకి వెళ్దాం, నువ్వూ నేనే అన్నాడు. ఆమె పాఠాలు చెప్పే బడికి సెలవులు. కూతురు వాహు పిన్ని ఇంట్లో ఉంది. పద్నాలుగేళ్ళ కాపురంలో ఊరి నెత్తిమీదున్న అగ్నిపర్వతానికి ఒక్కసారి కూడా తీసుకెళ్ళని మొగుడు ఇప్పుడింత ముచ్చటపడుతుంటే ఎవరు మాత్రం కాదంటారు? న్యాకియో తెల్లారగట్లే లేచి చపాతీలు చేసి, బీన్స్ వండి, ఫ్లాస్కు నిండా టీ పోసింది.

తొమ్మిదింటికల్లా మోటారుసైకిలు మీద అంచుకు చేరారు. కొండ ఎప్పుడో తన నెత్తిని తానే మింగేసి మిగిల్చిన గొయ్యి అది. అడుగున నల్లరాయి, పొదలు, అక్కడక్కడా ఆవిర్లు. ముందు తిందామని కూర్చుంటే కిరాగు ఆవురావురుమంటూ నాలుగు చపాతీలు లాగించాడు. న్యాకియో ప్రాణం కుదుటపడింది. మూడు వారాలుగా కడుపులో మంట అంటూ పగటిపూట మెతుకు ముట్టలేదు, సగమైపోయాడు.

తిన్నాక కెమెరా తీశాడు. అంత గొయ్యి ఎదురుగా పెట్టుకుని దానివంక ఒక్కసారీ తిప్పలేదు, అన్నీ ఆమెవే. ఎండ ముఖాన పడేలా నిలబడమన్నాడు, తలగుడ్డ తీసెయ్యమన్నాడు, మెడ నిటారుగా పెట్టమన్నాడు. భుజాల దాకా ముఖం ఒక్కటే, ఎదురుగా. పళ్ళు కనబడేలా నవ్వితే అంత వద్దు, కొంచెం చాలన్నాడు.

"ఏమయ్యా, పాస్‌పోర్టుకా ఇవి? కాస్త కొండ కూడా పడనీ. లేకపోతే మన పెరటి గోడ దగ్గర తీశావంటారు బళ్ళో వాళ్ళు."

అతను నవ్వలేదు, ఇంకో నాలుగు తీశాడు. న్యాకియోకి విసుగొచ్చింది. కిందికి దిగి ఆవిరి దగ్గర ఫొటోలు తీసుకుందామంది. కింద ఏముంది, రాళ్ళు తప్ప అన్నాడు. దారి జారుతుందన్నాడు, ఎండెక్కుతోందన్నాడు. ఇంత దూరం వచ్చి అంచుమీద నిలబడి పోవడానికా అంటూ ఆమె కెమెరా లాక్కుని మెళ్ళో వేసుకుని దిగడం మొదలుపెట్టింది. గత్యంతరం లేక అతనూ వెనకాలే దిగాడు.

సగం దారిలో గుహలు వచ్చాయి. లోపలినుంచి ప్రార్థన వినిపిస్తోంది. ఆ గుహల సంగతి నకూరులో తెలియనివాళ్ళుండరు. ఎక్కడెక్కడినుంచో వచ్చి చాపలు పరుచుకుని, మంచినీళ్ళతో రోజుల తరబడి ఉపవాసం ఉంటారు. కిరాగు ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "నిన్నటితో అయిపోయిందిగా, వెళ్ళిపోయి ఉంటారనుకున్నాను," అని గొణిగాడు. ఏం అయిపోయిందని ఆమె అడగబోతుండగా తెల్ల తలగుడ్డ కట్టుకున్న ముసలామె ఒకతె నీళ్ళ డబ్బాతో బయటికి వచ్చింది. ఆమె న్యాకియో ముఖంలోకి చూసి, డబ్బా కింద పెట్టి, మళ్ళీ చూసింది.

"నువ్వు న్యాకియోవి కదూ?"

"అవును, షోషో. నేను మీకెలా తెలుసు?" అంది న్యాకియో. అవ్వ వయసున్న ఎవరినైనా అక్కడ షోషో అనే పిలుస్తారు.

ముసలామె రెండు చేతులతో న్యాకియో ముఖం పట్టుకుని ఏడుపు లంకించుకుంది. లోపలున్నవాళ్ళను పిలిచింది. ఉపవాసంతో పీక్కుపోయిన ముఖాలతో నలుగురు ఆడవాళ్ళు వచ్చి చుట్టూ చేరారు. ఒకామె న్యాకియో చేతులు నిమిరింది, ఒకామె వంగి కాళ్ళు తడిమింది. నడిచొచ్చింది చూడండి, తన కాళ్ళమీద తానే దిగొచ్చింది చూడండి అంటోంది షోషో. వీళ్ళు నన్ను చూసి ఇంకెవరో అనుకుంటున్నారనుకుంది న్యాకియో. ఆ మాట చెప్పమన్నట్టు మొగుడి వంక చూసింది. కిరాగు నేలచూపులు చూస్తున్నాడు.

"దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పు తల్లీ," అంది షోషో కళ్ళు తుడుచుకుంటూ. "ఎప్పుడు తగ్గింది? డాక్టర్లేమన్నారు?"

"ఏం తగ్గింది?"

షోషో బైబిల్లోంచి ఒక ఫొటో తీసి ఆమె చేతికిచ్చింది. పోయిన క్రిస్మస్‌కు తీయించుకున్నదే. పక్కనున్న వాహును కత్తిరించేసి ఆమె ఒక్కదాన్నే మిగిల్చారు. వెనక్కి తిప్పితే కిరాగు చేతిరాత. షాపు చీటీల మీద రాసే ఆ వంకర అక్షరాలే. 'న్యాకియో, నా భార్య. రొమ్ములో కాన్సర్. దేవుడా, ఆమెను నాకు వదిలెయ్యి.'

ఆమె చదివింది. మళ్ళీ చదివింది. అక్షరాలు తెలుస్తున్నాయి, అవి తన గురించే అన్నది బుర్రకెక్కలేదు. జూన్‌లో రొమ్ములో చిన్న గడ్డ తగిలితే ఆస్పత్రికి వెళ్ళింది. సూది గుచ్చి ముక్క తీశారు. తన ఫోను పాడైపోయి ఉంటే కిరాగు నంబరు ఇచ్చింది. ఫలితం వచ్చింది, ఉత్త కొవ్వు గడ్డట, భయం లేదన్నారని అతనే చెప్పాడు. ఆ రాత్రి సంతోషం పట్టలేక ఇంటిల్లిపాదికీ కోడి కూర వండిపెట్టింది. ఎదురుగా కూర్చుని ఈ మనిషి తిన్నాడు కూడా.

"నాకు జబ్బుందని నాకిప్పుడే తెలిసింది, షోషో," అంది.

ప్రార్థన ఆగిపోయింది. కాళ్ళు పట్టుకున్నామె వదిలేసి వెనక్కి జరిగింది. షోషో కిరాగు వైపు తిరిగి, ఇరవై ఒక్క రోజులు మాతోపాటు పస్తులున్నావే, ఈ పిల్లకే చెప్పలేదా నాయనా అని అడిగింది. అతను ఏవేవో ముక్కలు ముక్కలుగా చెప్పాడు. చెబితే కుంగిపోతావనుకున్నాను. ఉపవాసం అయ్యేలోగా తగ్గిపోతుంది, అప్పుడు నవ్వుకుంటూ చెబుదామనుకున్నాను. ఒకవేళ తగ్గకపోతే, అని అక్కడ ఆగాడు. పక్క షాపు మ్వాంగి పెళ్ళాం చనిపోయినప్పుడు అంత్యక్రియలకు వచ్చినవాళ్ళకు పంచే పుస్తకం అట్టమీద వేయడానికి సరైన ఫొటో దొరకలేదు, ఎవరి పెళ్ళి గుంపులోంచో కత్తిరించి మసక ముఖం వేశారు. నీకలా కాకూడదనుకున్నాను అన్నాడు.

మెడ నిటారుగా పెట్టమన్నది, ఎక్కువ నవ్వొద్దన్నది అందుకా!

"నా చావు ఫొటోకి నన్నే నిలబెట్టావా? దేవుడికి చెప్పావు, ఈ తల్లులకి చెప్పావు. ఒళ్ళు నాది కదయ్యా, నాకు చెప్పడానికే నోరు రాలేదా?"

కిరాగు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. ఆమెకు జాలి కలగలేదు. ఆ ఏడుపు చూస్తే ఒళ్ళు మండింది. ఏడవాల్సింది తను, ఇతనికేం పోయిందని? మెళ్ళో కెమెరా తీసి రాతిమీద పెట్టేసింది.

"డాక్టరు ఇంకేమన్నాడు?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"నేనడిగేది నిన్నే. ఎక్కడిదాకా పాకింది, మందుందా లేదా, ఏం చెయ్యమన్నాడు?"

"తెలీదు. కాన్సర్ అనగానే ఫోను పెట్టేశాను. మళ్ళీ మళ్ళీ చేశారు, ఎత్తలేదు. ఎన్నాళ్ళు బతుకుతావో చెప్పేస్తారేమోనని భయమేసింది, న్యాకియో."

న్యాకియో చెయ్యి చాపింది, అతను ఫోనిచ్చాడు. గొయ్యిలో సిగ్నల్ లేదు. పైకి పో తల్లీ, ముందా ఫోను చెయ్యి, ప్రార్థన మేం చేసుకుంటాంలే అంది షోషో.

ఎక్కేటప్పుడు కాలు రెండుసార్లు జారింది. కిరాగు చెయ్యి అందించాడు. ఆమె గడ్డి పట్టుకుని ఎక్కింది గానీ ఆ చెయ్యి అందుకోలేదు. ఒక్కో అడుగుకీ ఎడమ రొమ్ములో ఏదో పెరుగుతున్నట్టే అనిపించింది. అంచు చేరేసరికి నోరు పిడచకట్టుకుపోయింది. ఫోనులో ఆస్పత్రి నంబరునుంచి వచ్చి ఎత్తని పిలుపులు పదకొండున్నాయి. నొక్కింది.

నర్సు పేరడిగి, ఉండమని, పరుగున వెళ్ళి డాక్టరమ్మను పిలుచుకొచ్చింది. మూడు వారాలుగా వెతుకుతున్నాం మీకోసం అంది డాక్టరమ్మ. మొదటి రోజే మీవారికి చెప్పబోయాం, ఫోను కట్టయిపోయింది. గడ్డ చిన్నది, బఠాణీ గింజంతే. తొందరగా తీసేస్తే చాలావరకు నయమైపోయే రకం. ఫలితం వచ్చాక వచ్చిన ఆ సోమవారమే ఆపరేషన్‌కి మీ పేరు రాసిపెట్టాం, మీరు రాలేదు.

"ఇప్పుడూ అంతే ఉంటుందా, డాక్టరుగారూ?"

"చూడకుండా చెప్పలేనమ్మా. ఇవాళే రండి."

న్యాకియో వస్తున్నానంది. పెట్టెయ్యొద్దని, ఇప్పుడు చెప్పిందంతా మొదటినుంచి ఇంకొక్కసారి చెప్పమని బతిమాలింది. కిరాగు రెండడుగులు వెనక్కి వేశాడు. ఆమె వెళ్ళి అతని చొక్కా పట్టుకుని ఫోను చెవికి ఆనించింది.

"విను. ఈసారి చివరిదాకా వినాలి."

బఠాణీ గింజ దగ్గర అతను కళ్ళు మూసుకున్నాడు. ఆ సోమవారం అన్నచోట మట్టిలో కూలబడ్డాడు. న్యాకియో కూడా అతని పక్కనే కూర్చుని, డాక్టరమ్మ చెప్పడం పూర్తయ్యేదాకా ఫోనును అతని చెవికి అదిమిపెట్టి పట్టుకుంది.