ఎద్దు నెమ్మదించింది

టిఫిన్ ప్లేటు పక్కన మాత్ర పెట్టి "తిన్నాక వేసుకో" అన్నాడు శ్రీకృష్ణ. మా ఆయనది మందుల షాపు. మిరపకోతలు మొదలైనప్పుడు, మా కల్లంలో కూలీలకు వండిపెట్టి పశువుల ఆస్పత్రి డ్యూటీకి వెళ్లడం నా వల్ల కాదని గొంతు పెంచి చెప్పాను. ఆ రోజు నుంచి ఈ మాత్ర. ఎందుకని అడిగితే "పశువుల డాక్టరువి, మనుషుల మందులు నీకెందుకు" అని నవ్వాడు. అది మనిషిని మందకొడిగా, నెమ్మదిగా ఉంచడానికి ఇస్తారని నాకు తెలుసు. తెలిసే మింగాను. గొడవ లేని ఇల్లు నాకూ కావాలనిపించింది. ఇప్పుడు వంట చేసి డ్యూటీకి వెళ్తున్నాను, వచ్చి కూలీల టీ గ్లాసులు కడుగుతున్నాను. "మా నాగజ్యోతి ఇప్పుడు బంగారం, మాటా పలుకూ లేదు" అని అత్తయ్య పక్కింటావిడతో అంటుంటే విన్నాను. కోపం రావాలి. రాలేదు.

ఫోన్ మోగింది. మాత్రను బ్యాగులో వేసుకుని బయల్దేరాను.

మార్టూరు దగ్గర పల్లెలో వీరబాబు అనే రైతు బండలాగుడు పందేలకు ఒంగోలు ఎద్దును మేపుతున్నాడు. దాని గిట్ట చీలింది. తాళ్లతో పడేస్తే నడుం పట్టేస్తుందని, మత్తు ఇచ్చి కట్టు కట్టమని ఫోన్లో చెప్పాడు. నేను వెళ్లేసరికే ఎద్దు పక్కకు ఒరిగి ఉంది.

"మీకు శ్రమ లేకుండా నేనే వేసేశా డాక్టరమ్మా. పెళ్లి ఊరేగింపు గుర్రాలకు వేసే మందు. చూడండి, పసిపిల్లలా పడుకుంది."

"ఎంత వేశారు?"

"గుర్రానికి ఎంతో అంతే. ఇది గుర్రం కంటే తక్కువదా ఏంటి?"

ఆ మందు గుర్రానికి ఇచ్చేదాంట్లో పదో వంతు చాలు ఎద్దుకు. దాని ఎడమ ముందుకాలి మోచేతి వెనక స్టెతస్కోపు పెట్టాను. ఒక దెబ్బ. చాలాసేపటికి ఇంకోటి. తర్వాత ఖాళీ. గుండె పై గదులు పంపే కబురు కింది గదులకు అందనప్పుడు అలా ఉంటుంది.

"కదలట్లేదుగా, కట్టు కట్టేయండి."

"నిద్ర కాదు వీరబాబు గారూ. గుండె ఆగిపోబోతోంది. పట్టండి."

ఆయన ఒంగి కొమ్ములు పట్టుకున్నాడు. ఇద్దరం ఎద్దును రొమ్ము నేలకు ఆనేలా కూర్చోబెట్టాం. చొంగ ఊపిరికి అడ్డం పడకుండా మూతి కిందికి వంచి పట్టుకోమన్నాను. విరుగుడు నరంలోకి మెల్లగా ఎక్కించి, మళ్లీ చెవులకు స్టెతస్కోపు పెట్టుకున్నాను. ఖాళీలు తగ్గాయి. దెబ్బ వెనక దెబ్బ పడసాగింది. కాసేపటికి ఎద్దు చెవులు విదిల్చింది, లేచింది, కొమ్ము విసిరింది. వీరబాబు గెంతి అవతల పడ్డాడు.

"మళ్లీ పొగరొచ్చింది దీనికి."

"పొగరు కాదండీ. బతికింది."

గిట్ట తర్వాత చూద్దామని చెప్పి జీపెక్కాను. స్టెతస్కోపు తీసి నా గుండె మీద పెట్టుకున్నాను. దెబ్బలు సరిగానే ఉన్నాయి. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

ఇంటికొచ్చేసరికి శ్రీకృష్ణ అన్నానికి కూర్చున్నాడు. బ్యాగులోంచి మాత్ర తీసి ఆయన చొక్కా జేబులో వేశాను.

"వేసుకోలేదా? మళ్లీ అరుస్తావు."

"అరుస్తానండీ. రేపటి నుంచి కల్లానికి వంటమనిషిని చూసుకోండి."