నాలుగు మార్కుల జవాబు

ఏడో నంబరు చీటీ అంటించాల్సిన సీసాను అతను అన్నిటికన్నా చివరికి ఉంచుకున్నాడు. అందులో నిలువునా కోసిన మూత్రపిండం, మందునీళ్లలో తెల్లబారి, పెద్ద చిక్కుడుగింజలా ఉంది.

రేపు ప్రాక్టికల్ పరీక్ష. పది బల్లల మీద పది సీసాలు పెట్టాలి. పిల్లలు చూసి పేర్లు రాస్తారు. ఇరవై ఆరేళ్లుగా ఈ ల్యాబ్‌లో సీసాలు తుడిచేది అతనే కాబట్టి సీసాల బాబాయ్ అంటారు. చదివింది ఐదో తరగతే అయినా ఏడాదిని పాఠాలతోనే కొలుస్తాడు. బడి తెరవగానే కణం, వానల్లో పూలమొక్కలు, చలికాలానికి మనిషి శరీరం, ఆఖర్న వంశపారంపర్యం. ఆ తర్వాత అంతా మళ్లీ మొదటినుంచి రివిజను.

కిటికీ దగ్గర ఇద్దరమ్మాయిలు ఒకరికొకరు అప్పజెప్పుకుంటున్నారు.

"మూత్రపిండాలు పనిచేయకపోతే యూరియా రక్తంలో పేరుకుంటుంది. కాళ్లు, ముఖం ఉబ్బుతాయి. ఆయాసం వస్తుంది."

అతను చీటీ అంటించబోయి ఆగాడు. నెలరోజులుగా కాళ్లకు చెప్పులు పట్టడం లేదు. మొన్న ల్యాబ్ కత్తెరతోనే పట్టీలు కోసి వదులు చేసుకున్నాడు. ఇంట్లో భార్య అడిగితే తోలు బిగిసిందన్నాడు.

"తర్వాత ఏమవుతుందమ్మా?"

"తర్వాతేం లేదు బాబాయ్. నాలుగు మార్కులకి ఇంతే రాయాలి."

"మరి మందూ మాకూ..."

"వైద్యం ఇదివరకు ఉండేదంట. ఈ ఏడు సిలబస్‌లోంచి తీసేశారు."

రెండో అమ్మాయి నవ్వింది. "ఏంటి, నువ్వూ పరీక్ష రాస్తావా? నా వెనక కూర్చో, చూపిస్తాలే."

అతనూ నవ్వాడు. మొదటి అమ్మాయి మాత్రం నవ్వలేదు. ఆమె చూపు అతని పాదాల మీద కాసేపు ఆగింది. అతను వాటిని బల్ల కిందికి లాక్కున్నాడు.

సైన్సు మేడమ్‌ని అడగొచ్చు. అడిగితే ఆవిడ కాళ్లు చూపించమంటుంది. ఆవిడ చూసిందంటే ఇక అది నిజమే. పిల్లలు వెళ్లేదాకా తుడిచిన సీసాలనే మళ్లీ తుడిచాడు.

సాయంత్రం మొదటి అమ్మాయి లైబ్రరీలోంచి పాత పుస్తకం పట్టుకొచ్చింది.

"బాబాయ్, దొరికింది. వైద్యం ఉంది. రెండు పేజీలుంది."

అతను ఏడో బల్ల దగ్గర స్టూలు మీద కూర్చుని, చేతుల మీద తల వాల్చి ఉన్నాడు. చీటీ ఇంకా వేళ్ల మధ్యే ఉంది. నిద్రపోయాడేమోనని గొంతు తగ్గించి ఆమె చదవడం మొదలుపెట్టింది. మొదటి పేజీ అయిపోయింది. పేజీ తిప్పబోతూ ఆగింది.

"బాబాయ్."

ఆమె భుజం తట్టింది; చీటీ అతని వేళ్లలోంచి జారిపడింది, అతను మాత్రం కదల్లేదు.

బల్ల కింద, పట్టీలు కోసిన చెప్పులు జతగా, గుమ్మం వైపు తిరిగి ఉన్నాయి.